సాయంత్రం తోకచుక్క: నల్లగొండ నుంచి ఎవరికైనా కనిపించిందా? నా ఫొటోలో పడింది అదేనా?

బత్తాయి_నల్లగొండ
13 అక్టోబరు 2024, రాత్రి 9:40

అందరికీ దసరా శుభాకాంక్షలు, ఒక రోజు లేటుగా. నాకొక డౌటు ఉంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. రెండు రోజుల నుంచి వాట్సాప్ నిండా తోకచుక్క వీడియోలే. సుచిన్‌షాన్–అట్లాస్ అంట, ఆ పేరుకు నోరు తిరగడానికే నాకు ఒక పూట పట్టింది. పొద్దుగూకాక పడమర చూస్తే చాలు, మామూలు కళ్లకే కనిపిస్తుందని అందరూ అంటున్నారు. సరే అని ఇవాళ ఏడు దాటాక మా డాబా ఎక్కాను. మాది నల్లగొండ టౌనే, రామగిరి దగ్గర. పక్కింటివాళ్ల నల్ల ట్యాంకులు రెండున్నాయి, వాటి మధ్య సందులోంచి చూస్తే బాగా కిందికి, ధగధగా మెరుస్తూ ఒక చుక్క కనిపించింది. ఫోన్ నైట్ మోడ్‌లో కొట్టాను. ఫొటోలో ఆ చుక్కకి రెండు వైపులా సన్నగా వెలుగు సాగి ఉంది. అదే తోక అనుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను, మా బాబాయి మూడు దండాలు కూడా పెట్టాడు. ఇప్పుడేమో మా బావమరిది ఫోన్ చేసి "బావా, అది శుక్రుడు, ముందు ఆ ఫొటో తీసెయ్" అంటున్నాడు. ఆయన మామూలుగా నేనేం చేసినా ఒప్పుకోడు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా.

ఇంకోటి, ఇంట్లో పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి ఉంది. 18–55 లెన్సు, 50 లెన్సు రెండూ ఉన్నాయి గానీ పిల్లల బర్త్‌డేలకు తప్ప ఎప్పుడూ బయటకు తీయలేదు. దాంతో తీయొచ్చా? ఫోనే నయమా?

అసలు నా టెన్షన్ ఫొటో కంటే మా నాయనమ్మ గురించి. ఆమెకు 76 ఏళ్లు, దేవరకొండ రోడ్డు మీద మా ఊళ్లో ఉంటుంది, పోయిన ఏడాదే కంటి ఆపరేషన్ అయింది. వీడియో చూపిస్తే "ఇది ఉత్తది, నేను చూసిన" అని ఫోన్ పక్కన పెట్టేసింది. ఎప్పుడు చూశావ్ అంటే చెప్పదు, ఫోన్‌లో చూస్తే చూసినట్టా అంటుంది. ఆమెకు నిజంది చూపించాలి. ఆ కళ్లకు కనిపిస్తుందా?

పాలమూరు_పడమర
13 అక్టోబరు 2024, రాత్రి 10:25

మీ బావమరిదే కరెక్టు, ఈ ఒక్కసారికి ఒప్పుకోండి. మీరు తీసింది శుక్రుడినే. రెండు వైపులా సాగిన వెలుగు లెన్సు మీద మీ వేలి జిడ్డు, చొక్కా కొంగుతో తుడిచి మళ్లీ కొడితే పోతుంది. తోకచుక్కకు తోక ఒక్క వైపే ఉంటుంది, అదీ సూర్యుడికి ఎదురు దిక్కున. సూర్యుడు అప్పుడే కిందికి దిగిపోయాడు కాబట్టి మనకు తోక పైకి, దాదాపు నిటారుగా లేచి ఉంటుంది.

మీరు ఎక్కింది ఏడు దాటాక అన్నారు చూడండి, తప్పు అక్కడ జరిగింది. ఇవాళ తోకచుక్క ఏడు కొట్టిన కాసేపటికే దిగిపోయింది. టౌన్లో, ఎదురుగా బిల్డింగులు పెట్టుకుని చూస్తే ఆరున్నరకే పోయినట్టు లెక్క. మన దగ్గర ఇప్పుడు సూర్యుడు 5:53 ప్రాంతంలో మునుగుతున్నాడు. మునిగిన వెంటనే చూస్తే ఆకాశం ఇంకా తెల్లగా ఉండి ఏమీ కనపడదు, మరీ ఆలస్యం చేస్తే అదే ఉండదు. ఇవాళ ఆ మధ్యలో దొరికిన టైము ఇరవై నిమిషాలకు మించదు. అయితే రేపటి నుంచి మంచి రోజులు. రోజుకు ఇరవై పాతిక నిమిషాల చొప్పున ఎక్కువ సేపు నిలబడుతుంది. రేపు ఏడున్నర దాకా ఉంటుంది, ఎల్లుండి ఎనిమిదికి దగ్గర. కానీ వెలుగు మాత్రం రోజురోజుకూ తగ్గుతుంది, 12వ తేదీనే భూమికి బాగా దగ్గరగా, 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో వచ్చి, ఇప్పుడు దూరం అవుతోంది. అందుకని రేపు, ఎల్లుండి వదలకండి.

ఎక్కడ చూడాలంటే, సూర్యుడు మునిగిన చోటుకు ఎదురుగా నిలబడండి. ఎడమ చేతి వైపు కింద శుక్రుడు, అది గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. కుడి చేతి వైపు, వాయవ్యానికి జరిగి, కొంచెం నారింజ రంగులో ఒక చుక్క, అది స్వాతి. పంచాంగంలో ఉండే స్వాతే. ఈ రెండింటి మధ్యలో వెతకాలి. చెయ్యి చాచి పిడికిలి బిగించి నేల గీత మీద ఆనించండి, రేపు 6:45 ప్రాంతంలో ఆ పిడికిలి పై అంచు దగ్గర దాని తల ఉంటుంది. చుక్కలా మెరుస్తుందని ఆశపడొద్దు. బోర్డు మీద సుద్దముక్కతో గీత గీసి వేలితో కొంచెం తుడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదట సూటిగా కాకుండా పక్కకు చూస్తూ కంటి కొసతో పట్టుకోండి, దొరికాక సూటిగా చూసినా పోదు. చూసే ముందు పదిహేను ఇరవై నిమిషాలు ఫోన్ జేబులో పెట్టెయ్యాలి, ఇది అన్నిటికంటే కష్టమైన పని.

చోటు గురించి. చాలామంది పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీదికి పోదాం అంటున్నారు. కట్ట బాగుంటుంది, గాలి బాగుంటుంది, కాదనను. కానీ అది టౌనుకు ఈశాన్యంలో ఉంది, అక్కడ నిలబడి పడమర చూస్తే టౌను వెలుతురంతా ఎడమ పక్కన నైరుతిలో మీద పడుతుంది. ఊరు వెనక ఉండాలి, చీకటి ముందు ఉండాలి. మీ ఊరు దేవరకొండ రోడ్డు మీదే అంటున్నారు, ఇంకేం, అక్కడికే పోండి. నాయనమ్మను టౌనుకు తీసుకురావడం కాదు, మీరే ఆమె దగ్గరికి పోవాలి. ఆపరేషన్ అయిన కళ్లు కదా, మీకంటే బాగానే కనిపిస్తుందేమో చూడండి.

బత్తాయి_నల్లగొండ
13 అక్టోబరు 2024, రాత్రి 10:50

ఫొటో డిలీట్ చేశాను. బాబాయి దండాలు మాత్రం గ్రూపులో అలాగే ఉన్నాయి.

రేపు సోమవారం, నాలుగున్నరకే ఆఫీసులో చెప్పి బయల్దేరతా. మా ఫ్రెండు ఒకడు శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక అడవిలో ఆగుదాం, అక్కడైతే కటిక చీకటి అంటున్నాడు. అది వద్దా? కెమెరా సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మిర్యాలగూడ_కెమెరా
13 అక్టోబరు 2024, రాత్రి 11:30

అన్నా, అడవి ముచ్చట వదిలెయ్. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రోడ్డు పక్కన బండి ఆపి ట్రైపాడ్ వేసుకునే చోటు కాదు, పైగా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేస్తారు. ఇంత కింద ఉన్న దానికి అడవి పనికి రాదు కూడా, పడమర చెట్లు అడ్డం వస్తే చీకటి ఎంత ఉంటే ఏం లాభం. నీకు కావాల్సింది బోడి నేల, పత్తి చేనో, కోసిన పొలమో.

నేను పెళ్లి ఫొటోలు తీస్తా, ఆకాశం ఫొటోలు మన ధంధా కాదు, సరదా. 2020 జులైలో నియోవైజ్ వచ్చినప్పుడు లాక్‌డౌన్ దెబ్బకు పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉండి మొదలుపెట్టా. అప్పుడు వానాకాలం, ఆరు రోజులు డాబా మీద మబ్బులకు కాపలా కాశాను, ఏడో రోజు ఒక చీలికలో మూడు నిమిషాలు కనిపించింది, ఆ మూడు నిమిషాల్లో నేను ఫోకస్ వెతుక్కుంటూ ఉన్నా. కాబట్టి ఫోకస్ గురించే ఎక్కువ చెప్తా, విను.

50 లెన్సు పెట్టు. 18–55 ఇంట్లో వదిలెయ్. 55 దగ్గర ఆ లెన్సు ఎఫ్ 5.6కే ఆగుతుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది), నీ 50 ఎఫ్ 1.8 అయి ఉంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. పూర్తిగా తెరవకుండా 2.2 గానీ 2.8 గానీ పెట్టు, అంచుల్లో చుక్కలకు రెక్కలు రాకుండా ఉంటాయి. కెమెరా నిలువుగా తిప్పి పెడితే తల కింద చెట్లు, పైన తోక, అన్నీ పడతాయి. లెన్సు మీద ఆటో ఫోకస్ స్విచ్ ఎంఎఫ్‌కి (అంటే చేత్తో ఫోకస్) మార్చు. స్క్రీన్ ఆన్ చేసి శుక్రుడిని మధ్యకు తెచ్చి 10 రెట్లు జూమ్ చేసి, ఆ చుక్క ఎంత చిన్నగా అవుతుందో అంత చిన్నగా అయ్యేదాకా రింగు తిప్పు. లెన్సు మీద అనంతం గుర్తు ఉంటుంది కదా, దాన్ని నమ్మకు. సెట్ అయ్యాక రింగు మీద సెల్లో టేపు ముక్క అంటించెయ్. ఇది చిన్నతనంగా అనిపిస్తుంది గానీ అంటించెయ్. చీకట్లో కెమెరా తిప్పేటప్పుడు వేలు తగిలి రింగు కదులుతుంది, నీకు తెలియదు, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసి ఏడుస్తావ్.

ఇక టైము. భూమి తిరుగుతోంది కాబట్టి షట్టర్ మరీ ఎక్కువ సేపు తెరిస్తే చుక్కలు గీతలు అవుతాయి. 500ను లెన్సు సైజుతో భాగించాలి, నీ కెనాన్‌లో చిన్న సెన్సర్ కాబట్టి మళ్లీ 1.6తో భాగించాలి, అంటే 50 లెన్సుకు 6 సెకన్లు. నేనైతే 4 దాటను. ఆకాశంలో ఇంకా వెలుగు ఉన్నప్పుడు ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే చురుకు) 400, 2 సెకన్లతో మొదలుపెట్టి, చీకటి పడేకొద్దీ 800, 1600 అని పెంచుకుంటూ పో. రా ఫైల్‌లో తియ్యి, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైల్. చేత్తో బటన్ నొక్కితే కదులుతుంది, 2 సెకన్ల టైమర్ పెట్టు. ఒకే సెట్టింగుతో ఇరవై ముప్ఫై కొట్టి పెట్టుకో, తర్వాత సీక్వేటర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ ఇసుక గింజల్లాంటి నాయిస్ తగ్గి తోక బయటికొస్తుంది.

ఫోన్ కూడా తక్కువేం కాదు. ప్రో మోడ్‌లో 4 నుంచి 8 సెకన్లు పెట్టి, రెండు ఇటుకల మధ్య ఇరికించి, టైమర్ పెట్టి వదిలెయ్. 1ఎక్స్‌లోనే తియ్యి, 3ఎక్స్ నొక్కితే చీకట్లో చాలా ఫోన్లు అసలు ఆ లెన్సు వాడనే వాడవు, పెద్ద లెన్సు బొమ్మనే కత్తిరించి ఇస్తాయి.

వనపర్తి_ఫిజిక్స్_సారు
14 అక్టోబరు 2024, ఉదయం 6:15

పై ఇద్దరూ చెప్పాల్సినవి చెప్పేశారు, నాకు మిగిలింది పాత కథలు. మా తరానికి తోకచుక్క అంటే ముందు హేలీ. 1986లో నేను తొమ్మిదో తరగతి, పేపర్ల నిండా అదే, మా సైన్సు సారు మమ్మల్ని తెల్లవారుజామున గుట్ట ఎక్కించాడు, చలికి వణికిందే మిగిలింది, ఒక మసక మరక తప్ప ఏమీ చూడలేదు. అప్పటి నుంచి తోకచుక్క అంటే నాకు చిన్న చూపు. అది 1997లో పోయింది. హేల్–బాప్. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఉగాది ముందూ వెనకా, సాయంత్రం వాయవ్యాన రోజూ ఉండేది. వెతకాల్సిన పనే లేదు, కరెంటు పోతే ఆడవాళ్లు మిద్దె మీద పిల్లలకు అన్నం పెడుతూ దాన్నే చూపించేవాళ్లు. రెండు తోకలు, ఒకటి తెల్లగా వంగి, ఒకటి సన్నగా నీలంగా.

అప్పుడు నా దగ్గర అరువు కెమెరా, 400 స్పీడు రీలు. 36 ఫొటోలు తీశాను. స్టూడియోలో కడగడానికి ఇస్తే ఏం ఇచ్చాడనుకున్నారు, "సార్, రీలంతా ఖాళీగా వచ్చింది, ఏమీ పడలేదు, ప్రింట్లు వేయలేదు" అని నెగటివ్ చేతిలో పెట్టాడు. దాన్ని ముక్కలు చేసేటప్పుడు ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అతనికి కనపడలేదు, మంచి ఫొటోలు రెండు సరిగ్గా తోక మధ్యలోకి తెగిపోయాయి. అతని తప్పేం లేదు, నల్లటి ఆకాశంలో అంచు ఎవరికి కనిపిస్తుంది. రీలు మొదట్లో పగటిపూట ఒక మామూలు ఫొటో తీసి ఉంటే ఆ కొలతను బట్టి కత్తిరించేవాడని తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడు ఆ బాధ లేదు, అయినా సెల్లో టేపు మాట మర్చిపోకండి.

ఇప్పటి దాని గురించి రెండు ముక్కలు. 2023 జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు వాళ్లు విడివిడిగా పట్టుకున్నారు, అందుకే జంట పేరు. సుచిన్‌షాన్ అంటే చైనా భాషలో ఆ ఊదారంగు కొండే. సెప్టెంబరు 27న సూర్యుడికి బాగా దగ్గరగా, 6 కోట్ల కిలోమీటర్లలోపు వెళ్లింది. అంత వేడికి చెదిరిపోతుందేమో అని కొందరు భయపడ్డారు, నిలబడింది. 80 వేల ఏళ్లకు మళ్లీ వస్తుందని టీవీల్లో ఘంటాపథంగా చెప్తున్నారు, దాన్ని అంత గట్టిగా పట్టుకోకండి. దాని దారి దాదాపు తెరిచి ఉన్న దారి, గ్రహాల లాగుడుకు కొంచెం అటూ ఇటూ అయితే అసలు తిరిగి రాకపోవచ్చు కూడా.

ఇవాళ 14న ఇంకో విశేషం. భూమి సరిగ్గా ఆ తోకచుక్క తిరిగే తలంలోంచి (దాని దారి అంతా పరిచి ఉన్న చదునులోంచి) దాటుతోంది. అది వెనక వదిలేసిన దుమ్మంతా మనకు పక్క నుంచి కాగితం అంచులా కనిపిస్తుంది, దాంతో తల కింద సూర్యుడి వైపు కూడా ఒక సన్న గీత, ఎదురు తోక, ఫొటోల్లో పడే అవకాశం ఉంది. పాలమూరు తమ్ముడు తోక ఒక్క వైపే ఉంటుందన్నాడు, మామూలుగా అంతే, ఇవాళా రేపూ మాత్రం చిన్న మినహాయింపు.

దామరచర్ల_స్వప్న
14 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:05

నాకు ఐదో నెల. మా అత్తమ్మ తోకచుక్క వచ్చినన్ని రోజులు పొద్దుగూకాక బయటకు రావద్దు అంటోంది, అరిష్టమట. సార్ ఏమంటారు?

వనపర్తి_ఫిజిక్స్_సారు
14 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:40

అమ్మా, అది 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న మంచూ దుమ్మూ కలిసిన ఉండ. దాని వల్ల మీకూ బిడ్డకూ ఏమీ కాదు. చీకట్లో గెట్టు మీద కాలు మడత పడకుండా చూసుకోండి, అదొక్కటే నేను చెప్పే జాగ్రత్త. అత్తమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. వాదన పెట్టుకోకండి, చూస్తే ఆమే అంటుంది ఏదో ఒకటి.

బత్తాయి_నల్లగొండ
14 అక్టోబరు 2024, రాత్రి 11:20

చూశాం!!! మొత్తం చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది, ఓపికుంటే చదవండి.

బావమరిది కూడా వచ్చాడు, తన 10×50 బైనాక్యులర్స్ తీసుకుని, నేను మళ్లీ శుక్రుడికి దండం పెట్టకుండా చూడ్డానికి అంట. ఆరుకల్లా ఊళ్లో ఉన్నాం. ఇంటి ముందు పంచాయతీ వాళ్లు కొత్తగా వేసిన ఎల్‌ఈడీ లైటు, దాని కింద నిలబడితే నా నీడే నాకు భయం వేసేలా ఉంది, అందుకని వెనక కల్లంలోకి పోయాం. పడమర మొత్తం పెద్దనాన్న వాళ్ల బత్తాయి తోట, చెట్లు పొట్టివి కాబట్టి అడ్డం లేదు, చివర్న రెండు తుమ్మచెట్లు. నేను ట్రైపాడ్ నిలబెట్టి కెమెరా బిగిస్తుంటే పక్క చేను ఆయన పరుగులాంటి నడకతో వచ్చి "మళ్ల కాలువ సర్వేనా? ఈసారి ఎంత పోతది?" అని అడిగాడు. తోకచుక్క అంటే నమ్మలేదు. చాలాసేపు ట్రైపాడ్ కాళ్లు ఏ హద్దు మీద ఉన్నాయో చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆయన కూడా మాతోనే ఉండిపోయాడు.

6:40కి ఏమీ లేదు. శుక్రుడు ఉన్నాడు, స్వాతి సన్నగా తెలుస్తోంది, మధ్యలో ఉత్త ఆకాశం. శుక్రుడి మీద ఫోకస్ చేసి టేపు వేశాను (మిర్యాలగూడ అన్నకు దండం). మధ్యలోకి తిప్పి ఊరికే 2 సెకన్లు కొట్టి చూస్తే స్క్రీన్ మీద కింద మూలన ఒక గీత! తల చిన్న బియ్యపు గింజంత, దాని మీద నుంచి పైకి పలచగా పోతూ కనపడకుండా పోయే తోక. కంటికి మాత్రం ఏమీ లేదు. ఆ ఫొటోలో తుమ్మచెట్టు కొమ్మ ఏది, దానికి ఎంత పైన ఉంది అని లెక్కపెట్టుకుని పైకి చూశాం. బావమరిది ముందు పట్టాడు, బైనాక్యులర్స్‌లో. నాకు 6:55కి మామూలు కళ్లకే దొరికింది. సుద్దగీత అన్నారు చూడండి, అచ్చం అదే. దొరికాక అసలు ఇంతసేపు ఎలా కనపడలేదో అర్థం కాలేదు.

అప్పుడు నాయనమ్మను తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. బైనాక్యులర్స్ ఇస్తే వద్దంది, బరువంట. ఎటు చూడాలో చెప్తుంటే ఆగమంది. చేతికర్ర ఎత్తి సరిగ్గా దాని మీద పెట్టింది. "గదేనా? పొరక లెక్క ఉన్నది" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫొటోలు కొట్టుకుంటున్నా. వెనక నుంచి తనే మొదలుపెట్టింది. ఆమె చూసింది తెల్లారగట్లనంట. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, దీపావళి అయినంక, చీకటితోనే లేచి కల్లాపి చల్లుతుంటే తూర్పున నేల మీద నుంచి పైకి లేచి కనిపించిందంట, "నిలబెట్టిన కొడవలి అంత, ఇంటి కప్పు దాకా". తల మాత్రం కనపడలేదంట, తోకే. తాతను లేపితే ఆయన చూసి మళ్లీ పడుకున్నాడంట. ఊళ్లో అంతా యుద్ధం అయింది కదా అందుకే వచ్చింది అనుకున్నారంట. ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు. సార్, మీరేమైనా చెప్పగలరా?

ఇక ఫొటోల సంగతి. 7:25కి ఎర్రబారి తుమ్మచెట్ల వెనక మసకలోకి దిగిపోయింది. మొత్తం 43 కొట్టాను. అందులో 26 పోయాయి. టేపు వేశాను గానీ, కెమెరాను నిలువుగా తిప్పేటప్పుడు బిగుసుకుందని రింగు పట్టుకునే తిప్పాను, టేపుతో సహా కదిలింది. మిగిలిన 17లో ఒకటి భలే వచ్చింది, అదీ నా గొప్ప కాదు. సరిగ్గా షట్టర్ తెరుచుకున్నప్పుడు బాట మీద ట్రాక్టర్ పోయింది, దాని హెడ్‌లైటు పడి బత్తాయి చెట్లన్నీ పచ్చగా వెలిగి, పైన తోకచుక్క. అప్పుడైతే డ్రైవర్‌ను నానా మాటలు అనుకున్నాను. ఈసారి ఫ్యామిలీ గ్రూపులో అదే పెట్టాను. బాబాయి ఇంకా చూడలేదు.

వనపర్తి_ఫిజిక్స్_సారు
15 అక్టోబరు 2024, ఉదయం 5:50

ఇది చదివి రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాకు. నాయనమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

లెక్క చూద్దాం. ఆమెకు 76 అంటే 1948 ప్రాంతంలో పుట్టి ఉంటారు. కొత్త కాపురం అంటే 1965 అటూ ఇటూ. యుద్ధం అయిన ఏడు, దీపావళి దాటాక, తెల్లవారుజామున తూర్పు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం సెప్టెంబరు 23న ఆగింది. ఆ ఏడు దీపావళి అక్టోబరు 24న. అక్టోబరు 21న సూర్యుడి పక్క నుంచి ఒక తోకచుక్క దూసుకుపోయింది, పేరు ఇకెయా–సెకి. జపాన్‌లో ఇద్దరు ఔత్సాహికులు అదే సెప్టెంబరు 18న విడివిడిగా కనిపెట్టారు. సూర్యుడి ఉపరితలానికి కేవలం నాలుగున్నర లక్షల కిలోమీటర్ల పైనుంచి పోయింది, అంటే మనకు చంద్రుడు ఉన్నంత దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ వేడికి మూడు ముక్కలైంది. పట్టపగలే సూర్యుడి పక్కన చేయి అడ్డం పెట్టుకుని చూసినవాళ్లున్నారు. ఆ తర్వాత అక్టోబరు చివర, నవంబరు మొదట్లో తెల్లవారకముందు తూర్పున పొడవాటి తోక నిలబడి ఉండేది. ఆమెకు తల ఎందుకు కనపడలేదంటే, తల ఇంకా నేల గీతకు దగ్గర్లోనో కిందనో ఉండగానే తోక పైకి వచ్చేసి ఉంటుంది. అలాంటి వివరం ఎవరూ కల్పించి చెప్పరు.

గత శతాబ్దంలో వచ్చిన తోకచుక్కల్లో చాలా ప్రకాశవంతమైంది అది. నేను పుస్తకాల్లో చదివిందే. వీడియో చూసి "ఉత్తది" అన్నారంటే మరి అనరా!

యుద్ధం సంగతి కూడా ఆమెకు చెప్పండి, ఆమెకు తోకచుక్క కనిపించేసరికి యుద్ధం ఆగి నెల దాటింది.

పాలమూరు_పడమర
15 అక్టోబరు 2024, ఉదయం 9:10

నేను కూడా రాత్రి చూశాను, మా డాబా నుంచి, కానీ ట్రాక్టర్ దొరకలేదు.

ఇంకా చూడని వాళ్ల కోసం. ఇవాళ రేపు వెలుగు బాగానే ఉంటుంది గానీ తూర్పున చంద్రుడు పెరుగుతున్నాడు, 17న పౌర్ణమి. వెన్నెల తోకను సగం మింగేస్తుంది. ఫొటోలు తీసేవాళ్లు ఐఎస్‌ఓ తగ్గించుకోండి. పౌర్ణమి అయ్యాక చంద్రుడు రోజుకు ముప్పావు గంట, గంట లేటుగా వస్తాడు, 20వ తేదీ ఆదివారం ఎనిమిది దాటే దాకా రాడు. అప్పటికి తోకచుక్క బాగా ఎత్తుకు వెళ్లి ఉంటుంది, ఏడింటికి మూడు పిడికిళ్లకు పైనే, చీకటి కూడా పూర్తిగా పడి ఉంటుంది. వెలుగు మాత్రం ఇప్పటి కంటే చాలా తక్కువ, టౌన్లో కంటికి కనపడదు, పల్లెల్లో కనిపిస్తుంది, కెమెరాకు అయితే తోక ఇంకా పొడుగ్గా పడుతుంది. మసక తక్కువ ఉండే ఎత్తు కదా. ఫొటోకు నేనైతే 20నే ఎంచుకుంటా, కంటికి ఇవాళే.

దామరచర్ల_స్వప్న
15 అక్టోబరు 2024, రాత్రి 8:30

చూశాం. అత్తమ్మ కూడా వచ్చింది. "ఇంతేనా, దీనికా నేను భయపడ్డది" అంది. సార్‌కు థ్యాంక్స్.

మిర్యాలగూడ_కెమెరా
16 అక్టోబరు 2024, ఉదయం 7:40

బత్తాయి అన్నా, రింగు పట్టుకుని తిప్పడం ఏందే? కెమెరా బాడీ పట్టుకోవాలి. పోనీ, ఆ 26 డిలీట్ చెయ్యకు, నాకు పంపు, ఫోకస్ కొంచెమే పోయినవి ఏమైనా పనికొస్తాయేమో చూస్తా. ట్రాక్టర్ ఫొటో పంచరంగుల్లో మార్చకు, ఎలా ఉందో అలాగే ఉంచు.

బత్తాయి_నల్లగొండ
20 అక్టోబరు 2024, రాత్రి 10:15

ఇవాళ మళ్లీ ఊరికి పోయాం. ఎత్తులో ఉంది, సన్నబడింది, బైనాక్యులర్స్‌లో బాగుంది, పక్క చేను ఆయన ఈసారి ఇద్దరు మనవళ్లను తెచ్చాడు. ఈసారి బాడీ పట్టుకునే తిప్పాను, 30కి 30 ఫోకస్‌లో ఉన్నాయి. సీక్వేటర్‌లో వేయడం రేపు.

సార్, మీరు చెప్పిన ఇకెయా–సెకి పాత ఫొటో ఒకటి వెతికి నాయనమ్మకు ఫోన్‌లో చూపించాను. ఫోన్ దగ్గరికి, దూరానికి, మళ్లీ దగ్గరికి పెట్టుకుని చూసింది. "ఇదే. కానీ వీడెవడో సగమే తీసిండు, తోక ఇంకా ఉండె" అంది.